ఒక్క ఇటుకంత గాలి

మా పెద్దమ్మ పోయింది. ఆ కబురు పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, బడిలో భోజనాల వేళ నాకు అందింది. తిమ్మాజిపేట మండలంలో ఒక ఉన్నత పాఠశాలలో నేను సైన్సు టీచర్ని. టిఫిను డబ్బా మూత తీస్తుండగా ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. పొద్దున అంబలి తాగి, జరసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. నేను మొదట అడిగింది ఆవిడ గురించి కాదు.

"పక్కన ఎవరున్నరురా?"

"మునిమనుమరాలు. పక్కల్నే పండుకున్నది."

"పిల్ల ఎట్లుంది?"

"పిల్లకేంగాలె అక్కా. ఆ పిల్లనే ముందుగాల లేసి బయటికి పాక్కుంట వచ్చింది. ఇగో, నా సంకల్నే ఉన్నది."

డబ్బా మూత మళ్లీ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాను. హమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను, ఎదురుగా కూర్చున్న తెలుగు సారు అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని నా వైపు చూశారు. చావు కబురు విని హమ్మయ్య అన్న మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండరు. ఆ పూట ఆయనకు చెప్పలేకపోయిన సంగతి ఇప్పుడు మీకు చెప్తాను.

మా పెద్దమ్మ నలభై ఏళ్ల పాటు ఒక మాటను మోసింది. తన తొలిచూలు బిడ్డను నిద్రలో తన ఒళ్లే అదిమి చంపిందన్న మాట. కాన్పయిన తొమ్మిదో రోజు, స్నానం చేసి పడుకున్న పగటి నిద్రలో, పక్కలోని పసిపిల్ల చనిపోయింది. మొద్దు నిద్రలో పక్కకు దొర్లింది అని ఊరు తేల్చేసింది. ఆవిడా నమ్మింది. ఆ రోజు నుంచి పగలు కన్ను మూయలేదు, ఏ పసిపిల్లనూ పక్కలో వేసుకోలేదు. అటువంటి మనిషి పట్టపగలు, పక్కలో పిల్లను వేసుకుని, నిద్రలోనే పోయింది. పిల్ల లేచి ఆడుకుంటోంది. హమ్మయ్య అనక ఏమనను?

ఆవిడ మా అమ్మకు సొంత అక్క కాదు. వీపనగండ్ల దగ్గరి మా ఊళ్లో మా పుట్టింటికీ వాళ్లింటికీ నడుమ ఒకటే గోడ. మా వాడకట్టంతా ఆవిడను బొగ్గుల పెద్దమ్మ అనేది. చెలకల్లో పెరిగిన సర్కారు తుమ్మ కొట్టుకుని, బట్టీ పెట్టి బొగ్గు కాల్చడం వాళ్ల పని. ఆ బొగ్గు గద్వాల హోటళ్లకూ, ఇస్త్రీ బండ్లకూ పోయేది. పెద్దమ్మ చేతి గీతల్లో నలుపు ఎప్పుడూ ఉండేది. పెళ్లికి పోయే రోజు కుంకుడు రసంతో ఎంత తోమినా ఆ గీతలు అట్లాగే కనిపించేవి. జోస్యం చెప్పేవాడొకడు ఆ చెయ్యి చూసి, నీ చేతిలో అన్ని గీతలూ స్పష్టంగా ఉన్నాయమ్మా అన్నాడని చెప్పి ఆవిడే నవ్వేది.

చిన్నప్పుడు సెలవుల్లో నేను ఆ బట్టీల దగ్గరే తిరిగేదాన్ని. కట్టెలు గుండ్రంగా పేర్చి, మీద పచ్చి తంగేడు రొట్ట కప్పి, దాని మీద తడిమన్ను మెత్తేవాళ్లు. నిప్పు లోపల వేసి, అడుగున చుట్టూ నాలుగైదు బొక్కలు మాత్రం ఉంచేవాళ్లు. తర్వాత పెద్దమ్మ పని పొగను చూడటమే. మొదట తెల్లగా, దట్టంగా వస్తుంది. అది కట్టెలోని తడి. తర్వాత పసుపు పచ్చగా, ముక్కు మండేట్టు వస్తుంది. అది కట్టెలోని కసరు అనేది ఆవిడ. చివరికి పలచగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టు వస్తుంది. అప్పుడు బొక్కలన్నీ మూసేయాలి. ఒక్క పూట ఆలస్యమైతే లోపల మిగిలేది బూడిదే.

"కట్టెను కాలనియ్యొద్దు బిడ్డా, కాగనియ్యాలె," అనేది. దహనం పాఠం చెప్పేటప్పుడు నేను ఇప్పటికీ ఈ మాటతోనే మొదలుపెడతాను. మండాలంటే మూడు కావాలి: ఇంధనం, వేడి, గాలి. వేడి ఇచ్చి గాలి ఇవ్వకపోతే కట్టె మండదు. అందులోని నీరు, ఆవిరయ్యేవన్నీ వెళ్లిపోయి నల్లటి కార్బన్ మిగులుతుంది. నేను డిగ్రీలో చదువుకున్న ఈ ముక్కను పెద్దమ్మ పొగ రంగు చూసి చెప్పేది.

బట్టీ అడుగున బొక్క దగ్గర మాత్రం మమ్మల్ని కూర్చోనిచ్చేది కాదు. ఒకసారి పెద్దనాయన అక్కడ వంగి నిప్పు చూస్తూ చూస్తూ తూలి పడిపోయాడట. అవతలికి లాగి పడుకోబెడితే గంటకు లేచాడు. బట్టీ మనిషిని తాగుతుంది అని వాళ్ల నమ్మకం. దయ్యమో, దేవరో, ఏదో ఉందని బట్టీకి కొబ్బరికాయ కొట్టేవాళ్లు. ఏముందో చెప్పగల చదువు అప్పుడు నాకు లేదు. వచ్చాక నేను చెప్పలేదు. ఆ మాట ముందు ముందు వస్తుంది.

పెద్దమ్మకు తర్వాత ఒక కొడుకు పుట్టాడు. వాడిని ఒక్క రోజు కూడా పక్కలో వేసుకోలేదట. తొట్టెలలో పడుకోబెట్టి, తొట్టెల తాడు తన కాలి బొటనవేలికి కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. కునుకు పడితే కాలు కదులుతుంది, తొట్టెల ఊగుతుంది, వాడు కదిలితే తాడు లాగి తను లేస్తుంది. అమ్మ ఈ సంగతి నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. నా పెళ్లిలో చుట్టాలంతా అన్నాలు తిని చాపల మీద వరసగా పడుకుంటే, పెద్దమ్మ ఒక్కతే స్తంభానికి ఆనుకుని అందరి పిల్లలనూ కాపలా కాసింది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. వాడకట్టులో ఎవరింట్లో కాన్పయినా రోజుకు మూడుసార్లు పోయి బాలింతను నిద్ర లేపేది. "పండుకోకు బిడ్డా, లే, పిల్లను జూస్కో," అనేది. వాళ్ల తల్లులకు ఒళ్లు మండేది. పచ్చి ఒంటి మనిషిని నిద్రపోనివ్వదేంది ఈ ముసలిది అని విసుక్కునేవాళ్లు. ఆవిడ ఎందుకు లేపుతుందో అందరికీ తెలుసు కాబట్టి మొహం మీద అనేవాళ్లు కాదు. పాపం అనేవాళ్లు. తిట్టిన మాట మరుసటి రోజుకు పోతుంది, ఆ పాపం అన్న మాట మాత్రం ఆవిడ వెంట ఊరంతా తిరిగేది.

నా బిడ్డ పుట్టినప్పుడు నేను అయిజలో పనిచేస్తున్నాను. కాన్పుకు పుట్టింటికి వచ్చాను. మా అమ్మ పద్ధతులన్నీ పాటించే మనిషి. నేను పడుకునే గదిలో, అంటే బాలింత అర్రలో, కుంపటి పెట్టింది. గాలి సోకకూడదని పైన వెంటిలేటర్లో పాత చీర కుక్కింది, తలుపు కింద సందులో గోనెసంచి అడ్డం పెట్టింది. కుంపట్లోకి బొగ్గు పక్కింటి నుంచే వచ్చింది. పెద్దమ్మ నా కోసం ఏరి ఏరి తెచ్చింది, బాగా కాగిన బొగ్గు, చేత్తో తడితే గంటలా మోగేది. "పొగ రానే రాదు, బాలెంతకు కండ్లు మండొద్దు గద," అంది. మేమంతా సంబరపడ్డాం. పొగ రాని నిప్పు మంచిదని మా అందరి నమ్మకం. నాదీ అదే నమ్మకం అని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎందుకంటే నేను అప్పటికే ఐదారేళ్లుగా నల్లబల్ల మీద ఆ సమీకరణాలు రాస్తున్నాను. కార్బన్‌కు గాలి సరిపడా అందితే కార్బన్ డయాక్సైడ్. అందకపోతే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, విషం. సమీకరణంలో రెండు అంకె వేయడం మరచిన పిల్లలకు మార్కులు కోశాను. అదే సమీకరణం నా మంచం కింద ఎర్రగా మండుతుంటే, పైన నీలి మంటలు ఆడుతుంటే, ఎంత బాగుందో అని చూస్తూ పడుకున్నాను. చదువు బడి గేటు దగ్గరే ఆగిపోయిందంటే అతిశయోక్తి కాదు.

పదకొండో రోజుకు ముసురు పట్టింది. రెండు రోజులుగా నాకు తల పోటు. వాయిలాకు వేసి కాచిన స్నానం నీళ్ల వేడికేమో అనుకున్నాను, పచ్చి ఒళ్లు గద అంది అమ్మ. ఆ ముందురోజే పెద్దమ్మ మీద కసురుకున్నాను కూడా, నన్ను పడుకోనియ్యవా అని. మర్నాడు పొద్దెక్కాక స్నానం చేసి, పిల్లకు పాలిచ్చి, పక్కలో వేసుకుని కళ్లు మూశాను. అమ్మ పెరట్లో వంట చేస్తోంది.

తర్వాతిది నాకు ముక్కలుగానే గుర్తు. మొహం మీద వాన జల్లు. నోట్లో చేదు. అరుగు మీద బోర్లా పడి వాంతి చేసుకుంటున్నాను. ఎక్కడో పిల్ల ఏడుపు, దాని మీద పెద్దమ్మ గొంతు: "ఏడ్సు బిడ్డా, ఇంకింత ఏడ్సు." ఎప్పట్లాగే లేపడానికి వచ్చిందట. కుదిపితే నేను లేవలేదు. ముందు పిల్లను తీసుకుపోయి అరుగు మీద పెట్టింది, తర్వాత నన్ను రెక్కలు పట్టి ఈడ్చుకొచ్చింది. కేకలు విని అమ్మ వచ్చేసరికి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు అంత హాయిగా ఇంకెప్పుడూ వినలేదంటుంది అమ్మ.

నాకు కాస్త తెలివి వచ్చాక పెద్దమ్మ నా తల తన ఒళ్లోకి తీసుకుని చెవిలో మెల్లగా చెప్పింది.

"నీ తప్పు గాదు బిడ్డా. నిద్ర దొంగది. ఎవ్వరికి చెప్పకు."

నేను పిల్లను అదమబోయాననుకుంది ఆవిడ. తనకు జరిగిందే నాకూ జరగబోయిందనుకుంది. తనకు ఆ రోజు ఎవరూ చెప్పని మాట నాకు చెప్పింది.

ఆటోలో వనపర్తి దవాఖానకు తీసుకుపోయారు. అర్రలో ఏం మండుతోంది అన్నది డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న. కుంపటి అని అమ్మ చెప్పింది, పొగ రాని బొగ్గమ్మా అని గొప్పగా కూడా అంది. డాక్టరమ్మ నా వైపు చూసి, మీరు ఏం చేస్తుంటారు అని అడిగింది. ఆ క్షణంలో సైన్సు టీచర్నని చెప్పడం కంటే కష్టమైన పని నేను ఇంతవరకు చేయలేదు. మొహానికి ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజుల్లో తల్లీపిల్లా క్షేమంగా ఇంటికి వచ్చాం.

ఆ రెండు రోజులూ మంచం మీద పడుకుని నేను ఆలోచించింది పెద్దమ్మ గురించే. ఇంటికి రాగానే పిల్లను అమ్మ చేతికిచ్చి గోడ అవతలికి పోయాను. పెద్దమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. బొగ్గుకు గాలి చాలకపోతే ఒక గాలి పుడుతుంది, అది కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. మనం పీల్చిన మంచి గాలిని మోసే చోటు నెత్తుట్లో ఉంటుంది కదా, ఆ చోట ఇది ఎక్కి కూర్చుంటుంది. మనిషి నిద్రపోతున్నాననుకుంటాడు, నిజానికి స్పృహ పోతుంది.

ఆవిడకు చప్పున అర్థమైంది. "బట్టీ మూతికాడ తల తిరిగేది గదేనా?" అంది. అదే అన్నాను. పైన నీలి మంట వస్తుందే, ఆ గాలి మండితే వచ్చే మంటే అది అన్నాను. చాటలో చెయ్యి ఆగిపోయింది. నాకు హుషారు వచ్చింది. క్లాసులో ఒక పిల్ల చెయ్యెత్తితే వచ్చే హుషారు అది. అందుకే ఆగకుండా ఇంకో మాట కూడా అనేశాను: నీ బిడ్డకు కూడా అదే అయి ఉంటది పెద్దమ్మా, నువ్వు అదమలేదు.

ఆవిడ చాటను పక్కకు జరిపింది. తర్వాత అంది:

"అంటే నేను కాల్సిన బొగ్గే సంపిందంటవ్."

అప్పుడు కూడా బాలింత దగ్గర కుంపటే, అందులో బొగ్గు వాళ్లింటిదే మరి. నిద్రలో తెలియక జరిగిందన్న ఓదార్పు ఒక్కటే ఆవిడకు మిగిలి ఉండేది, నేను దాన్నీ తీసేసి చేతిలో బొగ్గు పెట్టాను. ఓదార్చొద్దు బిడ్డా, నాకంటే నీకు ఎక్కువ తెల్వదు అని లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. బాలింతలను లేపడం మానలేదు గానీ, నన్ను లేపడానికి తన కోడలిని పంపింది. నేను మా ఆయనతో ఫోన్లో చెప్పి ఏడ్చాను. సైన్సు చెప్పొచ్చు గానీ ఎప్పుడు చెప్పాలో నీకు తెలియదు అన్నాడు. కోపం వచ్చింది, నిజమే కాబట్టి.

ఇరవై రోజులు గడిచాయి. నేను మళ్లీ అయిజకు బయలుదేరే ముందురోజు. మధ్యాహ్నం మా అరుగు మీద పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ వచ్చింది. కూర్చోలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"ఒక సంగతి యాదికొచ్చింది," అంది. "గప్పుడు మాకు ఒక్కటే అర్ర. నేను పండుకున్న మూలకు ఎదురుంగ, గంపల కోడి పొదుక్కు కూసున్నది. పదమూడు గుడ్లు. ఆ దినం కోడి గూడ సచ్చింది. గుడ్ల మీద కూసున్నది కూసున్నట్లే సచ్చింది. బిడ్డ పోయిన దుఃఖంల కోడిని ఎవరు జూస్తరు. తెగులు తగిలిందని మా అత్త బయట పారేసింది."

ఆగింది. నా కళ్లలోకి చూసింది.

"గంపల కోడిని నేను అదమలే గద బిడ్డా?"

నలభై ఏళ్లు ఆ కోడి ఆవిడ మనసులో ఏదో మూలన అట్లాగే కూర్చుని ఉంది. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఆవిడతో సహా.

"లేదు పెద్దమ్మా," అన్నాను. "నువ్వు అదమలే. కోడినీ అదమలే, బిడ్డనూ అదమలే."

ఈసారి నేను తొందరపడలేదు. ఆ రోజు తల నొచ్చిందా అని అడిగాను. పగిలిపోయిందంది. వాంతులు కూడా అయ్యాయట, దుఃఖం పట్టలేక అనుకున్నారట. నిన్ను ఎవరు లేపారు అని అడిగాను. నీళ్లు కొట్టినా లేవలేదట, బయటకు మోసుకొచ్చాక లేచిందట. అదే, ఊరు మొద్దు నిద్ర అన్నది. నేను డాక్టర్ను కాను, ఆ అర్రను చూడలేదు. అయినా తల్లీ, పిల్లా, కోడీ ముగ్గురూ ఒకే గాలి పీల్చారనీ, తల్లి ఒక్కతే పెద్ద ప్రాణం కాబట్టి మిగిలిందనీ చెప్పడానికి నాకు ఏ అనుమానమూ లేదు. అంతా చెప్పాను. బొగ్గు మాట కూడా చెప్పాను. బొగ్గు ఏం చేసింది పెద్దమ్మా, దానికి గాలి ఇవ్వలేదు, అంతే అన్నాను. మీ అత్త సందులు మూసింది మంచికే, మా అమ్మ మూసింది కూడా మంచికే.

పెద్దమ్మ అరుగు మీద కూలబడింది. ఏడ్చింది. పెద్దగా కాదు, అలసిపోయిన పిల్లలు ఏడ్చినట్టు ఎక్కిళ్లతో ఏడ్చింది. తర్వాత కొంగు తల కింద పెట్టుకుని అక్కడే, మా అరుగు మీదే, ఒరిగింది. రెండు నిమిషాల్లో గురక వినిపించింది. అమ్మ లోపల్నుంచి వచ్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఎండ అరుగు దాటి వాకిట్లోకి జరిగేదాకా ఆవిడ నిద్రపోయింది. మేము ఎవరమూ లేపలేదు.

లేచాక ఆవిడ చేసిన మొదటి పని గడ్డపార తేవడం. మా బాలింత అర్రలో పైకప్పుకు కాస్త కిందుగా ఒక ఇటుక ఊడగొట్టింది. వెంటిలేటర్లో చీర ఉంటే ఎవరో ఒకరు మళ్లీ కుక్కుతారు, గోడకే బొక్క ఉంటే మరచిపోతారు అని ఆవిడ లెక్క. అది మొదలు మా ఊళ్లో కాన్పు కబురు వినగానే పెద్దమ్మ చేతిలో గడ్డపారతో వెళ్లేది. ఇంటివాళ్లు మొత్తుకునేవాళ్లు. పచ్చి బాలింతకు గాలి సోకుతుందని ముసలమ్మలు అడ్డం పడేవాళ్లు. ఆవిడకు ఒకటే జవాబు.

"గాలి తగిల్తె పడిశం. తగలకుంటె పాడె."

కుంపటే వద్దు, పెట్టినా నిద్రపోయే ముందు బయట పెట్టండి అని నేను చెప్పేదాన్ని. నా మాట ఎంతమంది విన్నారో తెలియదు. ఆవిడ మాట ఎవరూ వినాల్సిన పనే లేదు, అప్పటికే ఇటుక ఊడిపోయి ఉండేది. బాలింతలను లేపడం మాత్రం మానేసింది. అర్రలోకి తొంగి చూసి, కుంపటి బయట పెట్టి, తలుపు తీసి ఉంచి, "పండుకో బిడ్డా, మంచిగ పండుకో," అని వచ్చేసేది. పాపం అన్న మాట కూడా మెల్లగా వినపడకుండా పోయింది. కోడి సంగతి అమ్మ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మా అమ్మకు కడుపులో మాట దాగదని మేము ఎన్నోసార్లు విసుక్కున్నాం గానీ, ఆ ఒక్కసారికి ఆవిడ నోటికి దండం పెట్టాను.

తర్వాత బొగ్గు పని తగ్గింది. వాళ్లింటికి గ్యాస్ పొయ్యి వచ్చింది. ఒకసారి పోతే పెద్దమ్మ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని మంటను చూస్తోంది. మంట పసుపు పచ్చగా వస్తుంది, గిన్నెకు మసి పడుతుంది, దీనికి గాలి సాల్తలేదు అంది. కోడలు కొత్త పొయ్యి కొందామంటోందట. పెద్దమ్మ తలలోంచి పిన్ను తీసి బర్నర్ బొక్కలన్నీ ఒక్కొక్కటే పొడిచింది. మళ్లీ వెలిగిస్తే నీలం మంట. ఆ సంవత్సరం నా తొమ్మిదో తరగతి పిల్లలకు సంపూర్ణ దహనం, అసంపూర్ణ దహనం అని రాయించే ముందు, ఈ పిన్ను సంగతి చెప్పి, ఇంటికి పోయి మీ పొయ్యి మంట రంగు చూసి రండి అని చెప్పాను. సగం మంది మర్నాడు పిన్నుల సంగతి చెప్పారు.

ఒకసారి పిల్లలను బట్టీ దగ్గరికే తీసుకుపోయాను. పెద్దమ్మ వాళ్ల ముందు నిలబడి కర్రతో పొగను చూపిస్తూ పాఠం చెప్పింది. ఒక పిల్ల ఈమె ఏం చదువుకుంది టీచర్ అని నన్ను అడిగింది. ఆవిడే విని, "పొగ సదివిన," అంది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు, నాకు అది డిగ్రీ పేరులాగే వినిపించింది.

అంత్యక్రియలకు ఆ రోజే బయలుదేరి పోయాను. వాళ్లలో మట్టిలో పెట్టడమే ఆచారం. పెద్దమ్మకు దిన కర్మలయ్యేదాకా ఊళ్లోనే ఉన్నాను. పెద్దమ్మ మనుమరాలు, ఆ పిల్ల తల్లి, నాతో కూర్చుని ఆ పొద్దు సంగతి చెప్పింది. పిల్ల ఏడుస్తుంటే పెద్దమ్మే అందట, ఇటియ్యి, నా పక్కల పండుకోబెడ్త, నువ్వు పని జేస్కో పో అని. గత కొన్ని నెలలుగా మునిమనుమరాలు ఆవిడ పక్కలోనే పడుకునేదట. రెండు గంటల తర్వాత పిల్ల పాక్కుంటూ వాకిట్లోకి వచ్చింది, చేతిలో పెద్దమ్మ కొంగు దారం ఒకటి ఉంది. లోపలికి పోయి చూస్తే పెద్దమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. పిల్ల పడుకున్న చెయ్యి పక్కకు చాపి ఉంది, మీదికి ఒక్క వేలు కూడా రాకుండా.

తిరిగి వచ్చే రోజు మధ్యాహ్నం పెద్దమ్మ పోయిన అర్రలోకి పోయాను. ఇంట్లో అందరూ పనుల్లో ఉన్నారు. మూల చాప మీద పిల్ల నిద్రపోతోంది. పైన పెద్దమ్మ తమ ఇంట్లోనూ ఊడగొట్టిన ఇటుక బొక్కలోంచి ఎండ ఇటుక ఆకారంలోనే నేల మీద పడింది. ఎదురు మూల గంపలో కోడి పొదుగుకు కూర్చుంది. పెద్దమ్మే, తను పోవడానికి నాలుగు రోజుల ముందు కూర్చోబెట్టిందట. గుడ్లు ఎన్నో చూద్దామని మెల్లగా చెయ్యి పెట్టాను. ఈకలు పొంగించి, గుర్రుమని, నా వేలు రక్తం వచ్చేట్టు పొడిచింది.